రోడ్డు దిక్కు మట్టి గోడకు చెమ్మ, మూలన నెర్రె. నిలబడుతదా, కూలగొట్టాల్నా?

పరకాల_పెంకుటిల్లు
మా తాతల నాటి మట్టి ఇల్లు, పరకాల దగ్గర ఊళ్ళె. గోడల మందం 20 ఇంచులు, సూరు కాడ ఎత్తు 10 ఫీట్లు. రోడ్డు దిక్కు గోడ పొడుగు 22 ఫీట్లు, మధ్యల అడ్డగోడ లేదు. పన్నెండేండ్ల కింద గూనపెంకలు దింపి రేకులేసిన్రు. అప్పుడే బయట మొత్తం సిమెంటు గిలాబు చేయించిన్రు. ఇప్పుడు ఆ గోడకు లోపల కింది నుంచి 3 ఫీట్ల దాక చెమ్మ. తెల్ల ఉప్పు తేలి సున్నం పెచ్చులు పెచ్చులుగ రాలుతున్నది. బయట మోకాలెత్తుల సిమెంటు ఉబ్బింది, కొడితే డొల్ల చప్పుడు. మూలన నిలువు నెర్రె, పైన వేలు పడుతది, కిందికొచ్చేసరికి దారమంత. ఒక సుతారి ఇనుప జాలి కొట్టి మల్ల సిమెంటు రుద్దుదామంటడు. ఇంకొకాయన ఇందిరమ్మ ఇల్లు పెట్టుకొని దీన్ని కూలగొట్టుమంటడు. ఎవరి మాట వినాలె?

సున్నంబట్టి
రెండో ఆయన సంగతి తర్వాత చూద్దాం. మొదటాయనను గోడ దగ్గరికి రానియ్యకు.

హన్మకొండ_సైటింజనీరు
కొన్ని సంగతులు తెలియకుండా ఎవరూ తీర్పు చెప్పలేరు. పచ్చి ఇటుక గోడా, తడి మట్టి ముద్దలు వరుసలుగా పేర్చిన ముద్దల గోడా? ఇంటి లోపలి నేలకంటే రోడ్డు ఎంత ఎత్తులో ఉంది? నెర్రె గోడ అవతలికి దూరిందా? (రాత్రి లోపల లైటు ఆర్పి, బయటి నుంచి టార్చి కొట్టి చూడండి.) రేకులు వేసినప్పుడు అడ్డ దూలాలు ఉంచారా, తీసేశారా?

పరకాల_పెంకుటిల్లు
ముద్దల గోడ సారు. ఊళ్ళె సీసీ రోడ్డు మూడు సార్లు పోసిన్రు, ఒకదాని మీద ఒకటి. ఇప్పుడు మా నేల రోడ్డు కంటె 9 ఇంచులు కిందికి ఉన్నది. ఆ దిక్కు మోరి లేదు. టార్చి వెలుగు పై 4 ఫీట్ల దాక కనవడుతున్నది, కింద లేదు. దూలాలు రెండు కోసి అమ్మిన్రు, ఇనుప పైపుల మీద రేకులు నిలబెట్టిన్రు.

మొగురం
అగో, దూలాలు కోసిన్రట. నెర్రె కథ సగం అక్కడ్నే ఉన్నది.

ముద్దగోడ
మిగతా సగం రోడ్డు కాడ ఉన్నది. చెమ్మ, నెర్రె రెండూ ఒకటే రోగం అనుకోకు, వేర్వేరు.

ముందు చెమ్మ సంగతి. మట్టి గోడ కింది నుంచి నీళ్ళు పీలుస్తది, అది కొత్త ముచ్చటేం కాదు. పాతకాలంల పీల్చినంత బయటికి ఆరిపోయేది, చెమ్మ ఒక ఫీటు దాటకపొయ్యేది. సిమెంటు గిలాబు చేసినంక బయటి దిక్కు ఆరుడు బందయింది. బయటికి పోయే తొవ్వ లేక నీళ్ళు పైకి ఎక్కుతయి, లోపలి దిక్కు నుంచి ఆరుతయి. ఆరే కాడ ఉప్పు మిగులుతది, ఆ ఉప్పు గడ్డకట్టి మట్టిని పొడి పొడి చేస్తది. నీకు 3 ఫీట్ల కాడ పెచ్చులు రాలేది అందుకే. అసలు భయం ఆ పెచ్చులు కాదు, బయట మోకాలెత్తుల ఉబ్బిన సిమెంటు. దాని వెనుక మట్టి ఇప్పటికే ముద్దయి కిందికి జారి ఉంటది. సిమెంటు అట్టలెక్క నిలబడి, లోపల గోడ లేకున్నా ఉన్నట్టు కనవడుతది.

నర్సంపేట_నాగలి
అట్లయితే గోడ మొదట్ల మూడు ఫీట్ల వెడల్పు సిమెంటు గచ్చు పోస్తే నీళ్ళే దిగవు కదా. లేకుంటే గోడకు పొక్కలు కొట్టి చెమ్మ ఆగే మందు ఎక్కియ్యొచ్చు, టౌన్ల చేస్తున్నరు.

ముద్దగోడ
రెండూ ఎదురు తిరుగుతయి అన్నా. గచ్చు గోడకు ఆనుకొని పోస్తే కింది నేల చెమ్మకు పైకి వచ్చే తొవ్వ గోడ ఒక్కటే మిగులుతది. గచ్చు పోయాల్నంటే గోడకు ఒక ఫీటు విడిచి పొయ్యాలె, ఆ ఫీటుల కంకర నింపాలె. మందు సంగతి: కాల్చిన ఇటుకకు పనిజేస్తది. మట్టి గోడల పొక్కకొట్టి నీళ్ళలాంటిది ఎక్కిస్తే ముందు మెత్తబడేది మట్టే.

సున్నంబట్టి
రేకుల వాలు నీళ్ళు కూడ అక్కడ్నే పడుతున్నయి, అది మర్చిపోతున్నరు. రోడ్డు దిక్కు వాలు 300 చదరపు అడుగులు అనుకుంటే, 10 సెంటీమీటర్ల వానకు దాదాపు 2,800 లీటర్లు గోడ మొదట్ల పోసినట్టు. 2023 జులైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజులనే దాదాపు 65 సెంటీమీటర్లు పడ్డది, గుర్తున్నదా? రేకులకు గట్టర్ పెట్టి పైపుతోని దూరంగ వదులుడు అన్నిటికంటె అగ్గువ పని. ముందు అది చెయ్యి. గోడను ఏమీ ముట్టుకోకుండనే సగం నీళ్ళు ఆగుతయి.

హన్మకొండ_సైటింజనీరు
గోడ లెక్క ఒకసారి చూద్దాం. మట్టి ఇళ్ల మీద ఐఎస్ 13827 అని భారతీయ ప్రమాణం ఉంది, 1993ది. దాని ప్రకారం ఎత్తు మందానికి 8 రెట్లు దాటకూడదు. మీది 120 ఇంచులు, మందం 20, అంటే 6 రెట్లు. బాగుంది. అడ్డగోడల మధ్య పొడుగు 10 రెట్లు దాటకూడదు, అంటే 16 అడుగుల 8 ఇంచులు. మీది 22 అడుగులు, 13 రెట్లు. ఇంత పొడుగు గోడను అన్నాళ్లు నిలబెట్టింది ఆ అడ్డ దూలాలే. రెండు గోడలను పైన పట్టుకొని ఉండేవి. అవి పోయాక గోడ తల బయటికి వాలింది, మూల విడిపోయింది. నెర్రె పైన వెడల్పు, కింద సన్నం కావడం దానికి సరిపోతుంది. పునాది కుంగి ఉంటే ఏటవాలు నెర్రె వచ్చేది, ఎక్కువగా కిటికీ మూల నుంచి.

ములుగుదారి
2024 డిసెంబరు 4 పొద్దున భూకంపం వచ్చింది కదా, ములుగు కాడ 5.3. దానికి పడ్డ నెర్రె కావొచ్చు గదా?

మొగురం
నెర్రె అంచులు చూస్తె తెలుస్తది. లోపల దుమ్ము, సాలెగూడు, పాత సున్నం పూత దిగి ఉంటే పాత నెర్రె. అంచులు పదునుగ, మట్టి రంగు లేతగ ఉంటే కొత్తది. పాత నెర్రె భూకంపానికి ఇంకింత విచ్చుకోవొచ్చు, కానీ మొదలు పెట్టింది అది కాదు. ముద్దల గోడకు ఇంకోటి ఉంటది: ఒకటిన్నర, రెండు ఫీట్లకు ఒక అడ్డ గీత. గోడ పెట్టినప్పుడు ఒక వరుస ఆరినంక ఇంకో వరుస పెడుతరు, ఆ అతుకు అది. దాన్ని చూసి గోడ తెగిందని మస్తుమంది పరేషానయితరు.

పరకాల_పెంకుటిల్లు
సాలెగూడు ఉన్నది. అడ్డ గీత కూడ ఉన్నది, దానికి కూడ పరేషానైన నేను 😄. ఇప్పుడు ఏం కొలవాలె, ఎట్ల కొలవాలె చెప్పున్రి. ఆదివారం ఊరికి పోతున్న.

ముద్దగోడ
మూడు పనులు చెయ్యి.

గుండు. సూరు కాడ గోడకు చిన్న చెక్కముక్క కొట్టి 4 ఇంచులు బయటికి వచ్చేటట్టు పెట్టు, దానికి తూకం గుండు వేలాడదియ్యి. గుండును బకెట్టు నీళ్ళల ముంచితే ఊగదు. దారం నుంచి గోడ దాక ప్రతి 2 ఫీట్లకు ఒకసారి కొలువు. బయట కొలిచిన చోటనే లోపల కూడ కొలువు. ఇది మర్చిపోవద్దు. పాత ముద్దల గోడలు కింద లావు, పైన సన్నం పెడుతరు, ఒక్క దిక్కు కొలిస్తె వాలు లేనిది ఉన్నట్టు, ఉన్నది లేనట్టు చూపిస్తది. రెండు దిక్కుల కొలతలు ఉంటె గోడ నడుమ గీత గీసుకొని ఎంత ఒరిగిందో చూడొచ్చు.

చువ్వ. 6 ఎంఎం ఇనుప చువ్వ తీసుకొని లోపలి దిక్కు నుంచి చేతి బలంతోని గుచ్చు, సుత్తెతో కొట్టొద్దు. ఎండిన మట్టిల అర ఇంచు కూడ పోదు. రెండు మూడు ఇంచులు పోయిందంటె అక్కడ మట్టి బలం పోయింది. ఫీటుకొకటి, నేల నుంచి 4 ఫీట్ల ఎత్తు దాక గుచ్చి కాగితం మీద గీసుకో.

మట్టి తూకం. 1 ఫీటు, 3 ఫీట్లు, 6 ఫీట్ల ఎత్తుల పొక్క పెట్టు. పై ఇంచు మట్టి పారెయ్యి, అదంత ఉప్పే. 4 నుంచి 6 ఇంచుల లోతు మట్టి ఒక్కోటి 100 గ్రాములకు పైన తియ్యి. వడ్లాయన చేతి బర్మా వాడు, కరెంటు డ్రిల్లు వేడికి చెమ్మ అక్కడ్నే ఎగిరిపోతది. వెంటనే జిప్ కవర్ల వేసి మూసెయ్యి. ఇంటికొచ్చి తూచు, ఓవెన్ ఉంటె 105 డిగ్రీల మీద, లేకుంటె కడాయిల సన్న మంట మీద కలుపుకుంట ఎండబెట్టు. రెండు సార్లు తూచితె బరువు మారొద్దు. తగ్గిన బరువును ఎండిన బరువుతో భాగించు. ఉదాహరణకు 112 గ్రాములు 101 అయితె, 11 తగ్గింది, అంటె దాదాపు 11 శాతం.

అరుగుమీదక్క
కడాయిల మట్టి వేయించేటప్పుడు మీ అమ్మ చూడకుండ చూసుకో తమ్మీ. పాత కడాయి అడుగు.

నర్సంపేట_నాగలి
చెమ్మ మీటర్ ఆన్‌లైన్ల వెయ్యి రూపాయలకు దొరుకుతది, ఈ వేయించుడు ఎందుకు?

ముద్దగోడ
రెండు పిన్నుల మీటర్లు కట్టెకు లెక్కగట్టి చేసినవి. పైగా ఉప్పున్న గోడల కరెంటు మంచిగ పారుతది, ఎండిన గోడను కూడ తడి అని చూపిస్తది. పోయిన నెల కంటె ఈ నెల తగ్గిందా అని చూసుకునేందుకు పనికొస్తది, అసలు అంకెకు మాత్రం కడాయే.

హన్మకొండ_సైటింజనీరు
ఒకటి కలుపుతాను. లోపలి చెమ్మ గోడలోంచి వస్తోందా, గదిలోని గాలిదా అన్న అనుమానం ఉంటే, రెండడుగుల ప్లాస్టిక్ కవరును నాలుగు దిక్కులా టేపు వేసి గోడకు అతికించి 48 గంటలు ఉంచండి. కవరు లోపలి వైపు చెమటలాగా పడితే గోడది. బయటి వైపు పడితే గదిది. నెర్రె మీద గాజు ముక్క అతికించమని కొందరు చెబుతారు. మట్టి మీద అతుకు నిలవదు, అతుకు ఊడితే నెర్రె కదిలిందనుకుంటారు. నెర్రెకు రెండు దిక్కులా రెండు మొలలు దింపి, మధ్య దూరం నెలకోసారి కొలిచి గోడ మీదే తారీఖు రాయండి.

ములుగుదారి
చెదలు సంగతి ఎవరూ అనలేదు. చెమ్మ ఉన్న కాడ చెదలు ఉంటయి. దర్వాజ కమ్మీల మొదలు, కిటికీ కింది చెక్క, గోడల పాతిన దూలం కొసలు చూడు. స్క్రూడ్రైవర్ పిడితోని కొట్టుకుంట పో, చప్పుడు మారిన కాడ మొనతోని గుచ్చు. మిగిలిన దూలాల కొసలు ముఖ్యం. నడుమ గట్టిగనే ఉంటయి, గోడల ఉన్న 10 ఇంచులు డొల్లయి ఉంటది.

పరకాల_పెంకుటిల్లు
కొలిచిన. గోడ నడుమ గీత పైన బయటికి ఇంచున్నర పోయింది, కింద నేరుగనే ఉన్నది. మట్టి: 1 ఫీటు కాడ 11.4 శాతం, 3 ఫీట్ల కాడ 7, 6 ఫీట్ల కాడ 2.6. చువ్వ 1 ఫీటు ఎత్తుల నాలుగు చోట్ల 3 ఇంచుల దాక పోయింది, మిగతా కాడ అర ఇంచే. మిగిలిన మూడు దూలాల్ల ఒకదాని కొస పోయింది. కడాయి కూడ పోయింది.

అరుగుమీదక్క
చెప్పిన కదా.

ముద్దగోడ
అంకెలు మంచిగనే ఉన్నయి. 6 ఫీట్ల కాడ 2.6 అంటె అక్కడ గోడ ఎండినట్టే. 11 దాటుడు భయం. మట్టిని బట్టి మారుతది గానీ 12, 14 దాటినంక మట్టి చేతిల పిసికినట్టు అయితది, పై బరువుకు కింది మొదలు ఉబ్బి గోడ కూర్చుంటది. చలికాలంల 11 ఉన్నదంటె నాలుగు రోజులు ముసురు పడితె ఎంతకు పోతదో ఆలోచించు. వానకాలం వచ్చే లోపల నీళ్ళ తొవ్వ మార్చాలె.

హన్మకొండ_సైటింజనీరు
వాలు ఇంచున్నర. మందంలో పదో వంతు, అంటే మీకు 2 ఇంచులు దాటితే ఏ పనైనా ఆపి ముందు ఊతం పెట్టాలని సైట్లలో మా లెక్క. మీరు దగ్గరకొచ్చారు, పైగా కింద తడి. కాబట్టి గిలాబు ముట్టుకునే ముందే ఊతం. లోపల రేకుల పైపుల కింద సెంట్రింగ్ జాకీలు (స్లాబు పోసేటప్పుడు కింద నిలబెట్టే ఇనుప ఊతాలు) పెట్టి పై బరువును గోడ మీద నుంచి తీసేయండి, జాకీ కింద రెండడుగుల పలక వేయండి. బయట 6 అడుగులకొకటి ఏటవాలు దుంగ. దుంగ తల గోడకు నేరుగా తగలకుండా 9 ఇంచుల పలక అడ్డం పెట్టాలి. ఆ గదిలో ఎవరూ పడుకోవద్దు. గోడ నుంచి మట్టి గలగల రాలినా, మొన్నటిదాకా సాఫీగా మూసుకున్న తలుపు ఉన్నట్టుండి పట్టేసినా, ఆ గోడ దగ్గరికి పోకుండా బయటికి రండి.

మొగురం
ఊతం పెట్టినంక సిమెంటు తీసుడు. బ్రేకర్ మిషిన్ వద్దే వద్దు, ఆ అదురుకు తడి మట్టి జారుతది. ఉలి, చిన్న సుత్తె. 3 ఫీట్ల పట్టీ తీసి, 6 ఫీట్లు విడిచి, మల్ల 3 ఫీట్లు. కింది 4 ఫీట్లే ముందు తియ్యి. ఎండలు ముదరక ముందే, మాఘ మాసంల మొదలు పెట్టు. 20 ఇంచుల గోడ నెల రోజుల్ల ఆరదు, ఫ్యాన్లు హీటర్లు పెట్టి తొందర చేస్తె పైపొర మాత్రం పగులుతది.

సున్నంబట్టి
ముద్దయిన కాడ మట్టి గీకి పారేసి గట్టి మట్టి తగిలేదాక పోవాలె. ఆ మట్టి మల్ల వాడొద్దు, ఉప్పు దాంట్లనే ఉన్నది. ఖాళీలో అదే తీరు మట్టితోని చేసి నెల రోజులు ఎండిన పచ్చి ఇటుకలు పెట్టు. పెట్టే ముందు ఖాళీని, ఇటుకను జర తడుపు, పల్చటి మట్టి అడుసుతోని కూర్చు. పై వరుస కాడ సందు మిగులుతది, అక్కడ గట్టి అడుసు కట్టెతోని కుక్కాలె, లేకుంటె పై గోడ బరువు కొత్త ఇటుకల మీదికి రాదు. కాల్చిన ఇటుక, సిమెంటు పెట్టద్దు. అది గట్టిగ నిలవడుతది, దాని చుట్టు మట్టి అరుగుతది, రెండేండ్లకు ఆ ముక్క ఒక్కటే మిగిలి ఊడుతది.

నర్సంపేట_నాగలి
చెరువు పూడిక మట్టి వాడొచ్చా? మిషన్ కాకతీయల తీసింది మా దగ్గర కుప్పలున్నది.

సున్నంబట్టి
ఒక్కదాన్నే వాడితె నెర్రెలు బాస్తది, బంక ఎక్కువ. చెల్క మట్టి (ఇసుక కలిసిన ఎర్ర మట్టి) మంచిది. సీసా పరీక్ష చెయ్యి: లీటరు సీసాల మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు ఉప్పు, బాగ గిలక్కొట్టి పెట్టు. నిమిషంల ఇసుక దిగుతది, రెండు గంటల్ల దుమ్ములాంటిది, తెల్లారేసరికి పైన బంక. బంక 15 నుంచి 25 శాతం మధ్య ఉంటె పూతకు మంచిది. చెరువు మట్టి అయితె రెండింతల ఇసుక కలిపి మల్ల పరీక్ష చెయ్యి. నీ గోడకు 220 చదరపు అడుగులు, ఇంచు మందం, వదులు మట్టి 24 ఘనపుటడుగులు పడుతది. తరిగిన వరిగడ్డి 40 కిలోలు. కలిపి వారం పది రోజులు మాగబెట్టి, రోజూ తొక్కాలె. రెండు పూతలు. పైన సున్నం. ప్లాస్టిక్ పెయింటు వేస్తె సిమెంటు కథే మల్ల మొదలు.

ములుగుదారి
రూర్కీల ఉన్న కేంద్ర భవన పరిశోధన సంస్థ, సీబీఆర్‌ఐ వాళ్ళది తారు కలిపే మట్టి పూత ఉన్నది కదా, వానకు కొట్టుకుపోదు. ఘనమీటరు మట్టికి 64 కిలోల గడ్డి, 64 కిలోల పల్చజేసిన తారు. తారు 100 పాళ్ళు, కిరోసిన్ 20, మైనం 1.

ముద్దగోడ
మంచి పూతనే, కానీ ఇప్పుడు వద్దు. తడి గోడ మీద తారు పూత అంటె ఇంకో మూత. రెండు వానకాలాలు పోయి, 1 ఫీటు కాడ 5 శాతం కిందికి దిగినంక, 4 ఫీట్ల పైన వాన కొట్టే కాడ వెయ్యొచ్చు. కిందికి మాత్రం వద్దు. ఇంకోటి: తారు పొయ్యి మీద ఉన్నప్పుడు కిరోసిన్ పోయకున్రి. దించి, మంటకు దూరంగ, కిరోసిన్‌ల తారు పొయ్యాలె.

మొగురం
మూల నెర్రె చివరికి. గోడ ఆరి, మొలల మధ్య దూరం ఆరు నెలలు మారనంక. పోయిన దూలాల జాగాల రెండు గోడలను కలిపి పట్టేటట్టు కొత్త దూలం, లేకుంటె 12 ఎంఎం కడ్డీ, నడుమ టర్న్‌బకిల్ (తిప్పితె కడ్డీ బిగిసే మర), రెండు కొసలకు ఫీటు చదరం ప్లేటు. చేతితోనే బిగియ్యి, ఒరిగిన గోడను వెనక్కి గుంజాలని చూస్తె తెగుతది. తర్వాత నెర్రెకు అడ్డంగ రెండు ఫీట్ల ఎత్తుకొకటి గాడి చేసి, రెండు దిక్కులా రెండేసి ఫీట్లు పోయేటట్టు టేకు పట్టీ పెట్టి మట్టి సున్నంతోని పూడ్చు. నెర్రెల పల్చటి మట్టి అడుసు కింది నుంచి పైకి నింపుకుంట రా.

ములుగుదారి
ఓరుగల్లు మట్టికోట ఇన్ని వందల ఏండ్లు టేకు పట్టీలు లేకుండనే నిలవడ్డది 😄

మొగురం
అది కట్ట, గోడ కాదు. దాని కింది వెడల్పు చూసిన్రా? అంత జాగ ఉంటె ఈయన ఇల్లు పరకాల బస్టాండు దాక పోతది.

పరకాల_పెంకుటిల్లు
గట్టర్ రేపే ఆర్డరిస్త, జాకీలు కిరాయికి మాట్లాడిన. ఒక్కటే మిగిలింది. గోడ పక్క ఒక ఫీటు కంకర అన్నరు. గోడ పక్కనే సీసీ రోడ్డు ఉన్నది, అది ఊరి రోడ్డు.

హన్మకొండ_సైటింజనీరు
పంచాయతీకి రాతపూర్వకంగా అడగండి: గోడ పొడుగునా ఒకటిన్నర అడుగుల వెడల్పు కోసి, మీ నేలకంటే 6 ఇంచులు కిందికి, వాలుతో మోరి. పాత ఇంటి రాతి పునాది రెండడుగులకు మించి ఉండకపోవచ్చు, అందుకే గోడ అంచున లోతుగా తవ్వొద్దు. మోరి అడుగు గోడ నుంచి ఒక అడుగు అవతల ఉండాలి. 10 అడుగులకు ఒక ఇంచు వాలు సరిపోతుంది. తవ్వేటప్పుడు కూడా ఒకేసారి 22 అడుగులు తెరవొద్దు, 5 అడుగుల చొప్పున.

సున్నంబట్టి
అర్జీల ఇంకో ముచ్చట కూడ అడుగు. నాలుగో సీసీ రోడ్డు ఎప్పుడు పోస్తున్నరని.